గ్రూపులో నోరు మెదపరు, ఇన్‌బాక్స్‌లో అడుగుతారు: ఏందీ భయం?

పెన్నాగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

నేను నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఉంటా. ఇంటి నుంచే ఉద్యోగం. శని ఆదివారాలు నలుగురం కలిసి ఇక్కడి ఇంజనీరింగ్ పిల్లలకు ప్రోగ్రామింగ్ పాఠాలు, పైథాన్, గిట్ లాంటివి చెప్తుంటాం. దానికో టెలిగ్రామ్ గ్రూపు ఉంది. గ్రూపులో పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్‌లు, వాకిన్ ఇంటర్వ్యూల లింకులు, క్రికెట్ గోల. ప్రశ్న మాత్రం రాదు. అదే రాత్రి పదింటికి నా ఇన్‌బాక్స్ తెరిస్తే వరసగా "అన్నా చిన్న డౌట్, గ్రూపులో అడిగితే ఏమనుకుంటారో అని మీకు పెడుతున్నా". నలుగురైదుగురు అడిగేది ఒకే ప్రశ్న, ఒకరు అడిగినట్టు ఇంకొకరికి తెలియదు, నేనేమో అదే జవాబు కాపీ కొట్టి అందరికీ పంపుతుంటా.

బయటి సైట్లలో అయితే ఇంకా ఘోరం. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లోలో అందరికీ ఖాతా ఉంది, ఒక్క పోస్టు లేదు. మొన్న ఒకమ్మాయి తను ఏం చేసింది, ఏం రావాలి, ఏం వస్తోంది, అన్నీ చిన్న కోడు ముక్కతో సహా రాసుకుని నాకు చూపించి "అన్నా, ఇది పెడితే తిడతారా" అని అడిగింది. అంత శుభ్రంగా నేను కూడా రాయను. పెట్టమ్మా అన్నా. పెట్టలేదు, చెరిపేసిందట.

మర్యాదగా మసులుకోవడం వేరు, నోరు కుట్టేసుకోవడం వేరు కదా. మనవాళ్లకు ఈ రెండూ ఒకటే అయిపోయినట్టున్నాయి. మీకు తెలిసింది చెప్పండి. నీతి వాక్యాలు మాత్రం వద్దు సామీ.

ఒంగోలు_కర్నూలురోడ్డు

ఈ కామెంటు కూడా మీ ఇన్‌బాక్స్‌లోనే పెడదామనుకున్నా, ధైర్యం చేసి ఇక్కడ పెడుతున్నా.

మార్కాపురం_పలక

ఎవరూ నొచ్చుకోవద్దు గానీ ఇందులో భయం సగమే, మిగతా సగం బద్ధకం. ఇన్‌బాక్స్‌లో అయితే ఫోనుతో స్క్రీన్ ఫోటో తీసి పడేస్తే చాలు, తమరు కూర్చుని ఊహించి చెప్తారు. నలుగురిలో అడగాలంటే ప్రశ్న కుదురుగా రాయాలి. ఆ పని తప్పించుకోడానికి భయం అని పేరు పెట్టుకుంటారు.

స్టాక్ ఓవర్‌ఫ్లో మీద చాలామందికి అపోహ ఉంది. 2008లో మొదలైనప్పటి నుంచి దాని లెక్క ఒకటే: రేపు ఇదే సమస్యతో గూగుల్లో వెతుక్కుంటూ వచ్చేవాడికి ఆ పేజీ పనికిరావాలి. అడిగినవాడి సంగతి ఆ తర్వాత. అందుకే "హాయ్ సార్", "దయచేసి సాయం చేయండి", "ముందుగానే ధన్యవాదాలు" లాంటివన్నీ ఎడిట్ చేసి తీసేస్తారు. మనవాడికేమో నమస్కారం పెడితే మొహం తిప్పుకున్నట్టు ఉంటుంది. డూప్లికేట్ అని మూశారంటే జవాబు ఫలానా చోట ఉంది, వెళ్లి చూసుకో అని. దానికి అవమానం ఫీలైతే ఎట్టా? ప్రశ్న బాలేదని ఒక డౌన్‌ఓటు పడితే సైటు ఇచ్చే పాయింట్లలో పోయేది రెండు, రెండు పాయింట్లకు అన్నం సహించకపోతే ఈ వృత్తిలో కష్టం.

ఇంకో సంగతి. ఈ మర్యాదలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1995 అక్టోబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1855 చూడండి, ఇంటర్నెట్‌లో ఎట్టా నడుచుకోవాలో చెప్పే పత్రం. మెయిలింగ్ లిస్టులో చేరినవాడు ఏదైనా రాసే ముందు ఒకటి రెండు నెలలు ఊరికే చదవమంటుంది. అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో రాస్తే అరిచినట్టు ఉంటుందని కూడా అందులోనే ఉంది. చదవాలి, వెతకాలి, అప్పుడు అడగాలి. మేం అట్టాగే నేర్చుకున్నాం.

కావలి_ప్యాసింజర్

అన్నా తప్పుగా అనుకోవద్దు, నేను ఫైనలియర్, మీ అంత అనుభవం లేదు. రెండు పాయింట్లు అన్నారు కదా. కొత్త ఖాతా 1 పాయింటుతో మొదలవుతుంది, అక్కడి నుంచి కిందికి దిగదు. కాబట్టి తప్పుగా అనుకోవద్దు, మాలాంటోళ్లకు పాయింట్లలో పోయేదేమీ లేదు. అసలు దెబ్బ వేరే చోట తగుల్తుంది. మొదట్లో పెట్టిన ప్రశ్నలకు డౌన్‌ఓట్లు పడితే సిస్టమే ఇంక కొత్త ప్రశ్న అడగనివ్వదు. ఎన్ని పడితే ఆపుతారన్నది బయటికి చెప్పరు కూడా. జవాబు బాగుందని ఓటు వెయ్యాలంటే 15 పాయింట్లుండాలి, వేరేవాళ్ల పోస్టు కింద కామెంటు పెట్టాలంటే 50. అంటే "మీ జవాబు నా దగ్గర పని చెయ్యలేదండీ" అని చెప్పడానికి కూడా ముందు అర్హత సంపాదించాలి. అడగనివ్వకపోతే అది ఎట్టా వస్తుంది? తప్పుగా అనుకోవద్దన్నా, మీకు నెలల తరబడి చదువుతూ కూర్చునే టైముండేదేమో, మాకు ప్రాజెక్టు రివ్యూ సోమవారం.

బిట్రగుంట_షెడ్డు

తమ్ముడూ, నీ పోస్టులో "తప్పుగా అనుకోవద్దు" మూడుసార్లు వచ్చింది. చెప్పిందేమో అక్షరాలా నిజం, పలక గారి లెక్కలో ఉన్న ఖాళీని సరిగ్గా పట్టుకున్నావు. దానికి మూడు దండాలు ఎందుకు?

మార్కాపురం_పలక

ప్రశ్నల నిషేధం సంగతి ఒప్పుకుంటా, అది కొత్తవాడికి పెద్ద దెబ్బే. ఆ సైటువాళ్లే 2018 ఏప్రిల్‌లో తమ బ్లాగులో రాసుకున్నారు, మా దగ్గర కొత్తవాళ్లకు, ఆడవాళ్లకు ఆదరణ దొరకడం లేదు, ఇది మారాలి అని. ఆ ఏడాదే ప్రవర్తనా నియమావళి కూడా తెచ్చారు. కాబట్టి నేనేదో అక్కడ అంతా స్వర్గం అనడం లేదు. కానీ మూసేసిన ప్రశ్నను సరిచేసి ఎడిట్ చేస్తే మళ్లీ తెరవాలా వద్దా అని చూసే వరసలోకి వెళ్తుంది. ఎంతమంది చేస్తారు ఆ పని? మూశారు అనగానే ట్యాబు మూసేసి "వాళ్లకు పొగరు" అని స్టేటస్ పెట్టడమేగా.

చీమకుర్తి_బ్లాక్

అందరూ అడగడం గురించే మాట్లాడుతున్నారు. అడగకపోవడం కన్నా ఖరీదైంది ఇంకోటి ఉంది, తెలిసి కూడా చెప్పకపోవడం.

మా దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీ ఒకదానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాశాం. పలకల కొలత చదరపు అడుగుల్లో, దాన్ని రేటుతో గుణించి, పన్ను కలిపి, రవాణా కలిపి బిల్లు. అప్పట్లో మా ఏరియా డెవలపర్ల వాట్సప్ గ్రూపులో ఒక సీనియర్ ఉండేవారు, అందరికీ గౌరవం, చాలామందికి ఉద్యోగాలు ఇప్పించిన మనిషి. డబ్బు లెక్కలకు ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) వాడండి, చివర్లో రౌండ్ చేస్తే సరిపోతుంది అని కోడుతో సహా పెట్టారు. కింద వరసగా బొటనవేళ్లు, "సూపర్ సార్", "వెరీ యూజ్‌ఫుల్ సార్". మావాడు అదే ఎత్తి పెట్టాడు. తర్వాత బిల్లు మొత్తానికీ లైన్ల వారీ మొత్తానికీ పైసల్లో తేడా రావడం మొదలైంది. పైసలేగా అనుకోవద్దు, అకౌంటెంటు లెడ్జర్ కలవకపోతే మా ప్రాణం తీస్తాడు, ఎగుమతి కాగితాల్లో అంకె కలవకపోతే ఇంకా పెద్ద తంటా.

కంప్యూటర్లో 0.1 + 0.2 కొడితే 0.30000000000000004 వస్తుందని ఆ గ్రూపులో ఉన్న కుర్రాళ్లలో చాలామందికి తెలుసు. డబ్బును పైసల్లో పూర్ణాంకంగా దాచాలి, లేదా దశాంశాలను కచ్చితంగా దాచే డెసిమల్ రకం వాడాలి, ఇది రెండో సంవత్సరం పిల్లలు కూడా చెప్తారు. ఇదంతా అయిపోయాక ఇద్దరు నా దగ్గరికొచ్చి "మాకు అప్పుడే తెలుసన్నా, సార్‌కి ఎదురు చెప్పినట్టు ఉంటుందని ఊరుకున్నాం" అన్నారు. ఆ సార్ మంచాయనే, చెప్పుంటే వినేవారు కూడా. ఎవరూ చెప్పలేదు, అంతే.

ఒంగోలు_కర్నూలురోడ్డు

సూపర్ సార్. వెరీ యూజ్‌ఫుల్ సార్.

బిట్రగుంట_షెడ్డు

చీమకుర్తి అన్నా, మీరు చెప్పింది చదివాక నాకొకటి తట్టింది. మనవాళ్లు బయటికెళ్తే ప్రశ్న మింగుతారు, ఇంట్లో ఉంటే దిద్దుబాటు మింగుతారు. బయట "ఇంత కూడా తెలియదా" అంటారేమోనని, ఇక్కడ "వీడికి అన్నీ తెలుసా" అంటారేమోనని. రెండిట్లోనూ నోరు మూతే, కారణాలు మాత్రం తలకిందులు. అందుకే బయటి సైట్ల గురించి వచ్చే సలహాలు, ఇట్టా అడగండి అట్టా వెతకండి అనేవి, మన గ్రూపులకు సగమే పనికొస్తాయి. మన గ్రూపుల్లో కటువుతనం లేదే, తియ్యదనం ఎక్కువై చస్తున్నాం. పెళ్లి భోజనంలో పులుసు ఉప్పు కషాయమైనా బంతిలో కూర్చున్నప్పుడు ఎవరూ అనరు, బస్సెక్కాక అంటారు. ఒకరి కోడు ఇంకొకరు చూసి తప్పులు చెప్పే మన కోడ్ రివ్యూలు అట్టా ఉన్నాయి.

నేను ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీ (ఎవరైనా వాడుకునేట్టు బయట పెట్టిన కోడు) చూసుకుంటుంటా. జర్మనీ నుంచి ఒకతను వచ్చి "ఈ ఫంక్షన్ తప్పు, ఇదిగో టెస్ట్" అని రెండు ముక్కల్లో పడేసి పోతాడు. నమస్కారం లేదు, శుభాకాంక్షలు లేవు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు అట్టాంటి రిపోర్టు వస్తే పండగ. మన ఊరి కుర్రాడు అదే తప్పు చూసి "అన్నా మీ లైబ్రరీ చాలా బాగుంది, మీరే మాకు స్ఫూర్తి" అని రాస్తాడు. దాంతో నేనేం చేసుకోను నాయనా?

సముద్రపు_గాలి

చాలా రోజులుగా ఈ ఫోరం చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. మీరంతా తెలివితక్కువవాళ్లం అనుకుంటారేమో అనే భయం గురించి మాట్లాడుతున్నారు. మా సంగతి వేరు.

నేను ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో ఉంటా, బ్యాకెండ్ పని, ఉద్యోగం హైదరాబాద్ కంపెనీకి. రెండు మూడు టెక్ గ్రూపుల్లో సొంత పేరు, సొంత ఫోటోతో ఉండేదాన్ని. గ్రూపులో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇండెక్స్ గురించి ఒక ప్రశ్న అడిగితే గ్రూపులో ఒక జవాబు, ఇన్‌బాక్స్‌లో బోలెడు. "హాయ్ సిస్టర్", "మీది ఏ ఊరు", "పెళ్లయిందా", "నేను కాల్ చేసి ఎక్స్‌ప్లెయిన్ చేస్తా నంబరివ్వండి". ఇండెక్స్ గురించి ఒక్కరు మాట్లాడితే ఒట్టు. ఎవరికైనా జవాబిస్తే ఇంకో రకం, నేను చెప్పింది కరెక్టా కాదా అని కింద ఇంకో మగాయన వచ్చి అదే జవాబు మళ్లీ రాస్తాడు, థాంక్స్ ఆయనకు వెళ్తాయి. ఒక గ్రూపు అడ్మిన్‌కు చెప్తే "చూసీ చూడనట్టు వదిలెయ్యమ్మా, పిల్లలు" అన్నారు. ఆ పిల్లల్లో ఒకాయనకు నలభై ఏళ్లుంటాయి.

ఇప్పుడు ఈ పేరుతో ఉంటున్నా. ఏ గ్రూపులో చేరినా ముందు నంబరు కనపడకుండా సెట్టింగు మార్చుకుంటా. ప్రశ్న రాసేటప్పుడు "చేశాను", "చూశాను" అని రాసుకుంటే సరిపోతుంది, ఆడా మగా ఎవరికీ తెలియదు. "నేను వచ్చాను" అన్నంత మాత్రాన ఎవరో తెలియని భాష మనది, ఆ ఒక్క సుఖం ఉంది.

గిట్‌హబ్ అనే కోడు సైటులో పుల్ రిక్వెస్టుల (నా మార్పు మీ కోడులో కలుపుకోండి అనే విన్నపాలు) మీద ఒక అధ్యయనం 2017లో అచ్చయింది, అంతకు ముందు ఏడాదే బయట తిరిగింది. మొత్తం మీద ఆడవాళ్ల మార్పులు మగవాళ్లవాటికన్నా ఎక్కువ శాతం ఆమోదం పొందాయి. కానీ ప్రాజెక్టుకు కొత్తగా వచ్చినవాళ్లలో, ప్రొఫైల్ చూస్తే ఆడామె అని తెలిసిపోయేవాళ్లకు మాత్రం ఆమోదం తగ్గింది. కోడు అదే. కాబట్టి పేరు దాచుకోమని మాకు ఎవరూ నేర్పక్కర్లేదు, లెక్క మేమే వేసుకున్నాం.

పెన్నాగట్టు

అక్కా, మా గ్రూపులో ఆడపిల్లలు ఎందుకు అడగరో ఇన్నాళ్లూ సిగ్గు అనుకుని సరిపెట్టుకున్నాం. మీరు చెప్పింది చదివి వాళ్లలో ఒకరిద్దరిని ఇప్పుడే కదిపా. ఇదే కథ. ఒకమ్మాయి స్క్రీన్‌షాట్లు కూడా పంపింది. ఆ ఖాతాలు తీసేస్తున్నా.

[ఇక్కడున్న ఒక పోస్టును నిర్వాహకుడు తొలగించారు.]

పొదిలి_రోడ్డు

నా పోస్టు ఎందుకు తీశారు? అమ్మాయిలు కూడా అటెన్షన్ కోసం చేస్తారని నా అభిప్రాయం చెప్పా, బూతులేమన్నా తిట్టానా? సెన్సార్‌షిప్ గురించి చర్చ పెట్టి మీరే సెన్సార్ చేస్తున్నారు. బాగుంది.

నిర్వాహకుడు

ఆ ఒక్క వాక్యానికి తియ్యలేదు. ఆమె ఎవరో, ఏ కంపెనీలో పనిచేస్తుందో కనిపెట్టొచ్చని రాశారు. మారుపేరుతో రాసేవాళ్ల ఆచూకీ తియ్యాలని చూడటం ఇక్కడ కుదరదు. అభిప్రాయం వరకు అయితే మళ్లీ రాసుకోండి, ఉంటుంది. జనం దానికి జవాబు చెప్తారు.

మార్కాపురం_పలక

నిర్వాహకుడు చేసింది సబబే. అయితే ఈ నియమావళుల మీద నాకు వేరే అనుమానం ఉంది, పొదిలి అన్నట్టుగా మాత్రం కాదు. లైనక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఎన్నేళ్లు మనుషుల్ని కడిగిపారేస్తూ మెయిళ్లు రాశాడో అందరికీ తెలుసు. యూజర్ల ప్రోగ్రాములు చెడగొట్టే మార్పు లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్లోకి రాకూడదని ఆయన పట్టిన పట్టు ఉంది చూశారా, ఆ పట్టు వల్లే లైనక్స్ నిలబడింది. మెత్తగా మాట్లాడాలనే రూలు పెడితే "ఇది చెత్త కోడు" అనడం మానేస్తారు, చెత్త కోడు మాత్రం లోపలికొస్తుంది. నా భయం అది.

బిట్రగుంట_షెడ్డు

పట్టు వేరు, తిట్టు వేరు కదా పలక గారూ. 2018 సెప్టెంబరులో కెర్నెల్ 4.19 ఆర్‌సీ4 (విడుదలకు ముందు పరీక్షా కూర్పు) ప్రకటిస్తూ ఆయనే రాశాడు, నా మెయిళ్లు మనుషుల్ని గాయపరిచాయి, క్షమించండి, కొన్నాళ్లు పక్కకు తప్పుకుని ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకోవడానికి సాయం తీసుకుంటా అని. 4.19 విడుదలను ఇంకో కెర్నెల్ డెవలపర్ గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ చూసుకున్నాడు. అప్పుడే కెర్నెల్‌కు కాంట్రిబ్యూటర్ కవెనెంట్ అనే నమూనా ఆధారంగా కొత్త నియమావళి పెట్టారు, అది 2014 నుంచి చాలా ప్రాజెక్టుల్లో వాడుకలో ఉన్నదే. అక్టోబరులో మళ్లీ పనిలోకి వచ్చాడు. ఆ తర్వాత చెత్త కోడు వెల్లువలా వచ్చిపడిందా? ఇప్పటికీ నచ్చనిదాన్ని మొహమాటం లేకుండా వెనక్కి కొడతాడు, ఒక్కోసారి మాట జారుతుంది కూడా. ఏం తగ్గింది పట్టు?

మార్కాపురం_పలక

కెర్నెల్లో తగ్గలేదు, ఎందుకంటే అక్కడ లైనస్ ఉన్నాడు. మన ఆఫీసుల్లో చూడండి. రివ్యూలో "ఈ లూపు అక్కర్లేదు" అని రాస్తే హెచ్ఆర్ నుంచి "టోన్ చూసుకోండి" అని మెయిలు వచ్చిన మనిషిని నేను. అప్పటి నుంచి అన్నిటికీ "బాగుంది, అప్రూవ్డ్". మీరు నోరు మూత అంటున్నారే, అది చిన్నవాళ్లకే ఉంటుందనుకోవద్దు.

చీమకుర్తి_బ్లాక్

ఇది మాత్రం నిజం. సీనియర్ కూడా మింగుతాడు.

ఆత్మకూరు_బస్టాండు

మీరెవరూ ముట్టుకోనిది ఒకటి నేను చెప్తా. నా గిట్‌హబ్ ప్రొఫైల్లో పేరు, ఊరు, ఫోటో అన్నీ తీసేసి ఇంగ్లీషు మారుపేరు పెట్టా. కారణం ఇండియన్ అని తెలిస్తే చదవకుండానే పక్కన పెడతారేమోనని. ఓపెన్ సోర్స్‌కు కోడు రాయమని అక్టోబరులో పెట్టిన 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్ గుర్తుందా? నాలుగు పుల్ రిక్వెస్టులు పెడితే టీషర్టు అన్నారు. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో "అమేజింగ్ ప్రాజెక్ట్" అని ఒక ముక్క కలిపి ప్రపంచంలో ఉన్న ప్రాజెక్టులన్నిటికీ పంపారు. అందులో మనవాళ్ల వాటా ఎంతుందో సోషల్ మీడియా మొత్తం చూసింది. చివరికి అక్టోబరు మొదటి వారంలోనే నిర్వాహకులు రూలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే లెక్క అన్నారు. మళ్లీ 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ ప్రాజెక్టు రెపో (కోడు ఉండే చోటు) మీద పడ్డారు, ఒక పాఠం వీడియోలో దాన్ని ఉదాహరణగా చూపిస్తే చూసినవాళ్లంతా రీడ్‌మీలో సొంత పేర్లు రాసి పంపారు. ఎవడో టీషర్టు కోసం చేసినదానికి నేను నా పేరు దాచుకోవాల్సి వచ్చింది. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో కూడా తెలియదు.

కావలి_ప్యాసింజర్

తప్పుగా అ... సరే అనను. ఆ వీడియోలు చూసేవాళ్లు మాలాంటోళ్లే అన్నా. పుల్ రిక్వెస్ట్ అంటే ఏందో, అవతల చదివేది మనిషి అనీ, ఆ మనిషికి జీతం లేదనీ మాకెవరూ చెప్పరు. రెజ్యూమేలో ఓపెన్ సోర్స్ అని ఉంటే ప్లేస్‌మెంట్ వస్తుందని మాత్రం చెప్తారు. నలుగురిలో నోరు తెరిచి "దీన్ని ఎట్టా చెయ్యాలి" అని ఎవడన్నా అడిగుంటే అదంతా జరిగేది కాదేమో.

బిట్రగుంట_షెడ్డు

ఈ మాటకు నీకు ఒక కాఫీ, నెల్లూరొస్తే ట్రంకురోడ్డులో ఇప్పిస్తా.

జీతం లేదన్నావు కాబట్టి చెప్తున్నా. ఎక్స్‌జెడ్ సంగతి విన్నారు కదా, లైనక్స్‌లో ఫైళ్లు కుదించే లైబ్రరీ. దాన్ని ఏళ్ల తరబడి ఒక్క మనిషి, లాసె కాలిన్, ఖాళీ టైములో చూసుకునేవాడు. 2022లో కొత్త కొత్త ఖాతాలు వచ్చి "ప్యాచ్‌లు ఎందుకు ఆలస్యం", "వేరేవాళ్లకు అప్పగించు" అని పొడిచాయి. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టు అని ఆయన అందరి ముందూ రాసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత జియా టాన్ అనే పేరుతో సాయానికొచ్చిన ఖాతాకు పగ్గాలు అందాయి, అది దొంగ తలుపు (బయటివాళ్లు చాటుగా దూరే కోడు) పెట్టింది. అట్టా పొడిచిన ఖాతాలు కూడా నకిలీవేనని చాలామంది అనుమానం. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు బయటపెట్టకపోతే ఎంత దూరం పోయేదో. ఆయనకు దొరికిన ఆధారం ఏంటో తెలుసా? ఎస్ఎస్‌హెచ్‌తో దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోంది. అర సెకనుకే వదలకుండా తవ్వి, ఆధారాలు పోగేసి, పబ్లిక్ లిస్టులో రాశాడు.

మన గ్రూపులో ఎవడన్నా "లాగిన్ అర సెకను లేటవుతోంది, ఎందుకు" అని అడిగితే ఏమంటాం? "నెట్ చెక్ చేస్కో బ్రో" అంటాం.

ఒంగోలు_కర్నూలురోడ్డు

నేనైతే రీస్టార్ట్ చెయ్యమంటా.

కావలి_ప్యాసింజర్

నిజం చెప్పాలంటే మా బ్యాచ్‌లో ఇప్పుడు మనుషుల్ని ఎవరూ అడగడం లేదు. ఏఐని అడుగుతాం. అది కసరదు, డూప్లికేట్ అనదు, రాత్రి రెండింటికి కూడా పలుకుతుంది. తెలుగులో అడిగినా పలుకుతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లోకి పోర్చుగీసులో, జపనీస్‌లో, రష్యన్‌లో, స్పానిష్‌లో సైట్లున్నాయి, మన దేశ భాష ఒక్కటీ లేదు. ఇంగ్లీషులో తప్పులు దొర్లుతాయేమోననే టెన్షనే సగం.

మార్కాపురం_పలక

ఆ సైటు 2022 డిసెంబరులోనే చాట్‌జీపీటీతో రాసిన జవాబులు పెట్టొద్దని ఆపేసింది, చూడ్డానికి నిజంలాగే ఉండి తప్పులు చెప్తున్నాయని. అడగడానికి వాడుకో, వద్దనను. కానీ అది కసరదు అంటున్నావే, చాలాసార్లు కాదనదు కూడా. 2025 ఏప్రిల్‌లో ఓపెన్ఏఐ తన మోడల్ అప్‌డేట్ ఒకటి వెనక్కి తీసుకుంది, మరీ ముఖస్తుతి చేస్తోందని. నువ్వు ఫ్లోట్‌లో డబ్బు దాచి "బాగుందా" అంటే "అద్భుతమైన ఆలోచన" అని మొదలుపెట్టే స్థితి. చీమకుర్తి గారి గ్రూపుకు దానికి తేడా ఏముంది?

సముద్రపు_గాలి

తేడా ఉంది. అది ఊరు అడగదు, నంబరు అడగదు. మీకు చిన్న విషయం అది.

పెన్నాగట్టు

పాయింటే.

సరే, మాటలు చాలు, మా గ్రూపులో ఏం మారుస్తామో చెప్తా, తప్పులుంటే ఇక్కడే కోసెయ్యండి. ఇన్‌బాక్స్‌లో వచ్చిన ప్రశ్నకు ఇన్‌బాక్స్‌లో జవాబు ఉండదు. పేరు తీసేసి గ్రూపులో పెడతా, జవాబు అక్కడే. పేరు లేకుండా ప్రశ్న పంపడానికి ఒక బాట్ (తనంతట తాను నడిచే ప్రోగ్రాం) పెడతాం, రాయడం పెద్ద పనేం కాదు. సభ్యుల నంబర్లు ఎవరికీ కనపడకుండా చూస్తాం, ఆడపిల్లలకు అడక్కుండా ప్రైవేటు మెసేజ్ పెట్టిన ఖాతా రెండో హెచ్చరిక లేకుండా బయటికి. ఇక మేం చెప్పే నలుగురం వారానికొకసారి మా సొంత కోడు పెడతాం, తప్పు పట్టమని. ముందు నాదే.

సముద్రపు_గాలి

బాట్ మంచిదే. కానీ పంపినవాళ్ల పేరు బాట్ నడిపేవాడికి తెలుస్తుంది కదా. లాగ్‌లో యూజర్ ఐడీ నిల్వ చెయ్యొద్దు, కోడు రెపోలో అందరికీ కనపడేట్టు పెట్టండి. లేకపోతే అడ్మిన్ ఎవరో చూసి నమ్మాలా వద్దా నిర్ణయించుకోవాల్సి వస్తుంది, అప్పుడు మళ్లీ మొదటికే.

చీమకుర్తి_బ్లాక్

ఇంకోటి. సీనియర్‌ను దిద్దేటప్పుడు "సార్ నాకు తెలియక అడుగుతున్నా" అనే తోక వద్దని రూలు పెట్టండి. మనిషిని వదిలేసి కోడును చూపించాలి. ఇదిగో ఇన్‌పుట్, ఇదిగో వచ్చిన అంకె, రావాల్సింది ఇది. సార్ అని పిలుచుకోండి, దానికి అభ్యంతరం లేదు.

పొదిలి_రోడ్డు

సార్ అన్నాక తప్పు చూపించడం మన దగ్గర జరిగే పనేనా? చూద్దాం.

కావలి_ప్యాసింజర్

అయితే ఇక్కడే అడిగేస్తున్నా. రొయ్యల మేత డీలర్ ఒకాయనకు స్టాక్ చూసే యాప్ చేస్తున్నాం, వెబ్‌కు ఫ్లాస్క్, డేటాబేస్‌కు ఎస్‌క్యూలైట్. కౌంటర్లో ఒకరు, గోడౌన్లో ఒకరు ఒకేసారి ఎంట్రీ కొడితే "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అని వస్తుంది. ఒక్కళ్లే కొడితే రాదు. పైథాన్ 3.11. అడిగే ముందు వెతికా, ఎస్‌క్యూలైట్‌లో ఒక సమయంలో ఒకళ్లే రాయగలరని అర్థమైంది, కానీ మాది చిన్న ఎంట్రీ, సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఎందుకు ఇరుక్కుంటోంది?

మార్కాపురం_పలక

ఇట్టా అడిగితే ఎవరు మూస్తారయ్యా. టైమవుట్ పెంచు, అంటే లాక్ కోసం ఆగే సమయం. పైథాన్‌లో మామూలుగా 5 సెకన్లు ఉంటుంది, 30 చెయ్యి, సరిపోతుంది.

సముద్రపు_గాలి

సరిపోదు పలక గారూ. ఎంట్రీ అంత చిన్నదైతే 5 సెకన్లలో లాక్ ఎప్పుడో వదలాలి. వదలట్లేదంటే ఏదో ట్రాన్సాక్షన్ కమిట్ కాకుండా (రాత ఖాయం కాకుండా) తెరిచి ఉంది. టైమవుట్ పెంచితే ఎర్రర్ 30 సెకన్ల తర్వాత వస్తుంది, అంతే. వాల్ మోడ్ (మార్పుల్ని ముందు వేరే లాగ్ ఫైల్లో రాసే పద్ధతి) పెట్టుకుంటే చదివేవాళ్లకు అడ్డం తగ్గుతుంది, అయినా రాసేది ఒకళ్లే. తమ్ముడూ, ఇన్సర్ట్ చేశాక మధ్యలో ఎక్సెప్షన్ (అనుకోని ఎర్రర్) వస్తే కనెక్షన్ ఏమవుతోంది నీ కోడులో?

మార్కాపురం_పలక

అవును, ముందు అది చూడాలి. టైమవుట్ మాట పక్కన పెట్టు.

కావలి_ప్యాసింజర్

ఎక్సెప్షన్ వస్తే... ఎర్రర్ పేజీ చూపించి వదిలేస్తున్నాం అక్కా. రోల్‌బ్యాక్ (చేసింది వెనక్కి తీసుకోవడం) లేదు, క్లోజ్ కూడా లేదు. కనెక్షన్ ఒక గ్లోబల్ వేరియబుల్‌లో ఉంది.

ఒంగోలు_కర్నూలురోడ్డు

రీస్టార్ట్ చేస్తే పోతుంది కదా మరి, నేను చెప్పింది కూడా కరెక్టే.

నిర్వాహకుడు

ఎస్‌క్యూలైట్ ప్రశ్నను, దాని జవాబులను డేటాబేస్ విభాగంలో కొత్త థ్రెడ్‌గా వేరు చేస్తున్నా, రేపు వెతికేవాళ్లకు దొరకాలి. ప్యాసింజర్, శీర్షిక మార్చి ఆ కనెక్షన్ తెరిచే ఫంక్షన్ అక్కడ పెట్టండి. టెక్స్ట్‌గా, స్క్రీన్‌షాట్ వద్దు.